అమ్మను అడగని మాట

చికిత్స అన్న మాటకు మూలంలో ‘తెలుసుకోవాలనుకోవడం’ అని అర్థం ఉందట. ఈమధ్యే చదివాను. చదవగానే అమ్మ గుర్తొచ్చి సిగ్గేసింది.

గద్వాలలో మగ్గం నేసే అమ్మకు మోకాళ్ల నొప్పులు. నేను మాత్రలకు పట్టిక గీసిచ్చి, ఫోన్‌లో అలారం పెట్టాను. నెల తర్వాత చూస్తే సగం మాత్రలు అలాగే ఉన్నాయి.

“మంచిగ కావాల్నని లేదా నీకు?” అని అరిచాను. అమ్మ వెళ్లి మగ్గం ముందు కూర్చుంది.

దవాఖానలో డాక్టరమ్మ మెల్లగా అడిగింది: “ఎందుకు వేసుకోలేదమ్మా?”

“ఏసుకుంటె నిద్రొస్తది బిడ్డా. అంచుల ఒక్క పోగు తప్పినా చీర పాడైతది. చీర మగ్గం దిగినంక ఏసుకుందమనుకున్న.”

“ఇంట్లో చెప్పలేదా?”

“మావోడు మాత్రలు లెక్కవెడ్తడు. నన్నెప్పుడు అడిగిండు?” అని అమ్మ నవ్వింది.

ఆమెకు కోపమే లేదు. ఇంటికి వచ్చేదాకా ఆమె ముఖం చూడలేకపోయాను.