అట్ ది రేట్ అనని అత్త

మా మేనత్త పెట్టే మామిడికాయ తొక్కు ఇరవై ఏళ్లుగా మెదక్ బజార్లో ఒక కిరాణా దుకాణం స్టిక్కర్‌తో అమ్ముడుపోతోంది. తిన్నవాళ్లు దుకాణాన్ని మెచ్చుకుంటారు. కారం కలిపిన చెయ్యి ఎవరిదో ఎవరికీ తెలియదు. అత్త ఏమీ అనేది కాదు. నాకే ఒళ్లు మండేది.

మొన్న ఎండాకాలంలో హైదరాబాద్‌లో స్టోర్ నడిపే ఒక మేడం ఆ తొక్కు తిని, పెట్టిందెవరో ఆరా తీసి, నేరుగా అత్తకే ఫోన్ చేసింది. సీసా మీద అత్త పేరే వేస్తారట. కాకపోతే కాగితాలు అత్త వ్యాపారం పేరున్న మెయిల్‌కే పంపుతారు, శుక్రవారంలోగా జవాబివ్వాలి.

ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని అత్త వంటింట్లో కూర్చున్నాను. ఊరి పేరూ తొక్కూ కలిపి డొమైన్ కొన్నాం. మెయిల్ అడ్రస్‌లో దాని ముందు ‘ఇన్ఫో’ అని పెడదామన్నాను.

“ఇన్ఫో ఎవరు కోడలా? తొక్కు పెట్టేది నేను గద.”

నిజమే. అత్త పేరే పెట్టాను. మెయిల్ ఎక్కడికి చేరాలో సెట్టింగుల్లో రాసి, నా ఫోన్ నుంచి ఒకటి పంపి చూశాను. గంటకు వచ్చింది. అడ్రస్ ఎలా చెప్పాలో అత్తకు నేర్పాను: ముందు నీ పేరు, తర్వాత అట్ ది రేట్, తర్వాత ఊరు, తొక్కు, డాట్ ఇన్. అత్త బుద్ధిగా తలూపింది. మర్నాడు నేను కుల్చారంలో పాఠాలు చెప్పే బడికి పోయాక, తనే మేడంకు ఫోన్‌లో చెప్పేసింది.

గురువారం దాకా మెయిల్ లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది మా సంగతి. స్పామ్ వెతికాను, సెట్టింగులు మూడుసార్లు సరిచూశాను, డొమైన్ అమ్మినవాళ్లతో ఫోన్‌లో గొడవపడ్డాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చివరికి సాయంత్రం అత్త ముందు కూర్చున్నాను.

“మేడంకు ఎట్ల చెప్పినవో గట్లనే చెప్పు అత్తా.”

“నా పేరు, ఊరు, తొక్కు, డాట్ ఇన్.”

“నడుమ అట్ ది రేట్ ఏది?”

“రేటు మల్ల మాట్లాడుకుందాం మేడం అన్న. పేరు చెప్పంగనే రేటు చెప్తరా ఎవరన్న?”

పడీ పడీ నవ్వాను. అత్త నవ్వలేదు.

“నవ్వకు కోడలా. గా దుకాణపాయన ఇరవై ఏండ్లల్ల నన్ను రేటు తప్ప ఇంకోటి అడగలే. నా పేరన్న అడగలే.”

నా నవ్వు ఆగిపోయింది. అది రేటు కాదనీ, మెయిల్ అడ్రస్ మధ్యలో చుట్ట చుట్టుకుని కూర్చునే ఇంగ్లీషు ‘ఏ’ అక్షరమనీ కాగితం మీద రాసి చూపించాను. ఇంత మంచి మనిషిని చూసి నవ్వినందుకు సిగ్గేసింది.

శుక్రవారం బడికి సెలవు పెట్టాను. పొద్దున్నే అత్త మళ్లీ ఫోన్ చేసి, ఈసారి “అట్ ది రేట్” అని ఒత్తి ఒత్తి పలికింది. మొన్న అత్త ఆ మాట అనకపోయేసరికి, మేడం చివర జీమెయిల్ అని తనే కలుపుకుని పంపిందట. పది నిమిషాల్లో మెయిల్ వచ్చింది. పైన అత్త పూర్తి పేరు, పక్కన గారు. పైనుంచి అత్తకు చదివి వినిపిస్తూ, కింద కాగితాలు, షరతుల దాకా పోయి ఆగాను.

“రేటు రాసిన్రు అత్తా. చదవాల్నా?”

“అది ఉండనీ. పైన లైను మల్లొకసారి సదువు.”