ఖాళీ మణికట్టు

రాంగోపాల్‌పేట్‌లో ఓంప్రకాశ్ నడిపే చిన్న వాచీల దుకాణానికి ఒక పద్ధతి ఉండేది. బాగుచేసిన ప్రతి వాచీనీ ఆయన తన చేతికి కట్టుకుని ఒకటి రెండు రోజులు తిరిగేవాడు. బల్ల మీద బుద్ధిగా నడిచేవి చేతికెక్కాక మొండికేస్తాయని ఆయన నమ్మకం. రెండు చేతులకూ వాచీలతో పెళ్ళిళ్ళకు వెళ్ళి నవ్వులపాలైనా ఆ పద్ధతి మానలేదు.

అలాంటి మనిషికి ఆ చేతులే వణకడం మొదలైంది. నరాల డాక్టరు కల్పలత అది పార్కిన్సన్ జబ్బని చెప్పి గోళీలు రాసింది.

"వీటితోని కొంతమందికి జూదం పిచ్చి పట్టుకుంటది. అట్లయితే దాచొద్దు, మందు తగ్గించాలె. ఇంట్ల సుత చెప్పుండ్రి" అన్నది.

ఓంప్రకాశ్ నవ్వుకున్నాడు. దీపావళికి బావమరుదులంతా పేకాటకు కూర్చుంటే వాళ్ళకు చాయ్ అందించే మనిషి తను. ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు.

చేతులు కుదుటపడ్డాయి. వెంట్రుకలాంటి స్ప్రింగు మళ్ళీ పట్టకారులో నిలిచింది. ఆ సంబరంలో ఉండగానే, ఎవరో పంపిన లింకు పట్టుకుని ఫోన్‌లో డబ్బులు పెట్టి ఆడే పేకాట జొరబడింది. గెలిచినా ఆపలేడు, ఓడినా ఆపలేడు, ఒక్క ముక్క తేడాతో ఓడితే అసలే ఆపలేడు. భార్య వసుధ ఏడ్చింది, తిట్టింది, దేవుడి మీద ఒట్టు వేయించుకుంది. చివరికి "ఇంత వయసొచ్చినంక గిదేం బుద్ధి నీకు?" అని యాప్రాల్‌లోని అన్న ఇంటికి వెళ్ళిపోయింది.

ఇదంతా గోళీల పనేమోనన్న అసలు సంగతి ఆమెకు ఒక్క మాటలో చెప్పవచ్చు. చెబితే మందు తగ్గుతుంది, మందు తగ్గితే చేతులు పోతాయి. పెళ్ళాం కన్నా చేతులు ఎక్కువా అని మనం సులువుగా అడిగేస్తాం. మీసాలు రాకముందు నుంచీ ఆ చేతుల పనితోనే మనిషనిపించుకున్నవాడికి ఆ ప్రశ్న అంత సులువు కాదు. డాక్టరు అడిగిన ప్రతిసారీ "ఏం లేదు మేడం" అంటూ వచ్చాడు. ఇంటికి వస్తే మాట్లాడేందుకు ఎవరూ లేరు. అన్నం చల్లారిపోతున్నా ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం మేబెల్ టీచర్ వచ్చింది. కాలం చేసిన భర్త జెఫ్రీ వాచీని ఆమె బాగుకు ఇచ్చి చాలాకాలమైంది. అది బాగయింది, కుదువకూ పోయింది, ఆ డబ్బు పేకాటలో కలిసింది.

"నడుస్తుందా లేదా చూస్తున్న మేడం" అన్నాడు ఓంప్రకాశ్.

ఆమె ఆయన చేతుల వంక చూసింది. రెండు మణికట్లూ ఖాళీ. ఆయన చేతులు బల్ల కిందకు లాక్కున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"మీరు అట్లాంటి మనిషి కాదే, ఓంప్రకాశ్ గారూ" అని మాత్రం అని మెల్లగా మెట్లు దిగిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. ఆ రోజే దుకాణం మూసి డాక్టరు దగ్గరికి పోయి అంతా కక్కేశాడు.

"మెదడుల డోపమైన్ తక్కువైతే చేతులు వణుకుతయి. ఈ గోళీ దాని పని చేస్తది. కానీ ఆశను లేపేది సుత అదే. గెలిచినప్పటికన్న, ఇగ వస్తది ఇగ వస్తది అని చూసేటప్పుడే ఎక్కువ లేపుతది. మీ బుద్ధేం చెడలే" అన్నది కల్పలత. "మీ అంతట మీరు బంద్ చేయొద్దు. నేనే మెల్లగ తగ్గిస్త."

బుద్ధి చెడలేదన్న మాటకు ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వసుధకు ఫోన్ చేసి చెప్పాడు. "ముందే చెప్తే నేను పోతుంటినా?" అన్నది. బ్యాంకు వ్యవహారమంతా తన చేతిలోకి తీసుకుంది, ఆయనకు బటన్ల ఫోన్ పంపించింది, కుదువలోని వాచీని కూడా విడిపించింది. తను మాత్రం రాలేదు. జూదాన్ని క్షమించగలిగింది గానీ, ఆయన బుద్ధే చెడిందని తను నమ్ముతున్నా ఆయన నోరు విప్పకపోవడాన్ని క్షమించలేకపోయింది.

మందు తగ్గేకొద్దీ ఆట మీద ధ్యాస తగ్గింది. వణుకు తిరిగి వచ్చింది. దుకాణంలో ఇప్పుడు ఎక్కువగా పట్టీలు, సెల్లులు మార్చే పనే.

మేబెల్ టీచర్ మళ్ళీ వచ్చేసరికి జెఫ్రీ వాచీ ఆయన ఎడమచేతికి ఉంది. "రెండు రోజులు చూసిన మేడం. మంచిగ నడుస్తుంది" అన్నాడు. విప్పి ఇద్దామని పట్టీ పట్టుకున్నాడు. వేళ్ళు బకిల్ మీద నిలవలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు.

ఆమె చేతిసంచి బల్ల మీద పెట్టి, ఆయన చేతిని దగ్గరికి తీసుకుని, పట్టీ తనే విప్పుకుంది.