ఇద్దరు ఎం.డి.ల మిల్లు

పర్చూరు దాటాక రోడ్డు పక్కనున్న పత్తి మిల్లులో సగం వాటా అంకమ్మరావుది. మిగతా సగం ఆయన బావమరిది శ్యామ్ సుందర్‌ది. పత్తి కొనడం, గింజ తీయించడం, బేళ్లు లారీకెక్కించడం అంతా మేస్త్రీ, గుమాస్తా గీతాంజలి చూసుకునేవారు. అంకమ్మరావు బాగా ఎండెక్కాక వచ్చి ఫ్యాను కింద కూర్చుని, జరుగుతున్న పనికి తలూపేవాడు. తానలా తలూపకపోతే మిల్లు ఆగిపోతుందని ఆయన నమ్మకం.

కిందటి సీజనులో శ్యామ్ సుందర్ తన గదిలోకి కొత్త కంప్యూటరు తెచ్చుకున్నాడు. అది చూసిన దగ్గర్నుంచి అంకమ్మరావుకి అన్నం సహించలేదు. గుంటూరు బ్రాడీపేట వెళ్లి, బావమరిది దానికంటే పెద్ద తెర ఉన్నది కొని, దానికి తనకు తగిన పేరు కూడా షాపులోనే పెట్టించుకొచ్చాడు.

తీరా ఆఫీసులో పెడితే అది నెట్‌వర్కులో కలవలేదు. గీతాంజలి కొట్టిన బిల్లులు దాన్లో కనిపించవు. ప్రింటరు దాని మాట వినదు. అంకమ్మరావు మొదట వైరును అనుమానించి మార్పించాడు. తర్వాత గీతాంజలిని అనుమానించాడు గానీ, ఆమెను మారిస్తే లెక్కలెవరు చూస్తారో తెలియక ఊరుకున్నాడు. చివరికి షాపుకి ఫోన్ చేసి, పాడైన సరుకు అంటగట్టారని చెడామడా తిట్టాడు.

గుంటూరు నుంచి లాల్ అహ్మద్ అనే మెకానిక్ వచ్చాడు. అతనూ వైరే మార్చాడు. లైట్లు మిణుకుమనే డబ్బా మార్చాడు. టీ తాగాడు. ఆ తర్వాత, ఇన్నాళ్లూ తెర మీదికి వస్తుంటే అందరూ చదవకుండా మూసేస్తున్న రెండు ముక్కలు చదివాడు.

"సార్, ఇదే పేరుతో ఆఫీసులో ఇంకో సిస్టం ఉందంటండి. దీనికేం పేరు పెట్టారు?"

"ఎం.డి. అని," అన్నాడు అంకమ్మరావు, ఇంకేం పెడతారన్నట్టు.

పక్క గదిలోంచి శ్యామ్ సుందర్ గొంతు వినిపించింది. "నాదీ అదే బావా."

ఒకటి, రెండు అని చివర అంకె తగిలిద్దామన్నాడు లాల్ అహ్మద్. రెండో అంకె తనకొద్దని రెండు గదుల్లోంచీ ఒకేసారి కేక వచ్చింది. కాసేపటికి అంకమ్మరావే పెద్దమనసు చేసుకుని, తనది పెద్దక్షరాల్లో, బావమరిదిది చిన్నక్షరాల్లో రాయమన్నాడు.

"దానికి పెద్దా చిన్నా తేడా తెలీదండి. రెండూ ఒకటే."

పెళ్లయిన దగ్గర్నుంచి ఇంట్లో భార్య రాజేశ్వరి కూడా ఇంత మాట అనలేదు. అంకమ్మరావు మొహం మిరప్పండులా కందిపోయింది. ఎవరు మార్చుకుంటారో తేల్చుకుని కబురు చెయ్యమని చెప్పి లాల్ అహ్మద్ బస్సెక్కేశాడు.

మర్నాడు శ్యామ్ సుందర్ పెళ్లికని వినుకొండ వెళ్లాడు. అతని కంప్యూటరు ఆపి ఉంది. అంకమ్మరావుది దానంతటదే కలిసిపోయింది. బిల్లులు కనిపించాయి, ప్రింటరు కాగితం కక్కింది. తానే బాగు చేశానని ఆయన బేళ్లు మోసేవాళ్లతో సహా అందరికీ చెప్పుకున్నాడు. శ్యామ్ సుందర్ తిరిగొచ్చి తనది ఆన్ చేసేసరికి, ఈసారి అతనిది కలవలేదు.

ముందు ఏది ఆన్ చేస్తే ఆ పేరు దానిదేనని గీతాంజలికి అర్థమైంది. అర్థమైన మాట నోట్లో దాచుకోక పైకి అనేసింది.

ఆ మాటతో మిల్లు వేళలు మారిపోయాయి. ఎండెక్కాక వచ్చే అంకమ్మరావు టిఫిను మానుకుని రావడం మొదలుపెట్టాడు. బావమరిది అంతకంటే ముందొచ్చాడు. అంకమ్మరావు ఇంకా ముందొచ్చి, గేటు తియ్యలేదని నిద్రమొహం వాచ్‌మన్‌ని కేకలేశాడు. ఇద్దరు యజమానులూ కూలీల కంటే ముందే మిల్లులో ఉంటున్నారని చుట్టుపక్కల ఊళ్లలో మంచి పేరొచ్చింది. చివరికి అంకమ్మరావు తన కంప్యూటరు ఆపడమే మానేసి నెగ్గాననుకున్నాడు.

అది కరెంటు పోయేదాకానే. పత్తి సీజనులో పర్చూరు వైపు మధ్యాహ్నం కరెంటు తియ్యని రోజుండదు. మళ్లీ వచ్చిన క్షణాన ఇద్దరు పెద్దమనుషులు పెరుగన్నం చేతుల్తోనే పంచెలెగ్గట్టి చెరో గదిలోకి పరుగెత్తేవారు. బయట కాటా దగ్గర రైతులు, లోపల ఏదో అంటుకుందేమోనని నీళ్ల బకెట్లు అందుకునేవారు.