ఉరికింది ఎంతో రామ్‌కిషన్‌కు తెలుసు

ముందు సుత్తి దెబ్బ వినిపించేది. ఇనుము మీద ఇనుము, టంగ్‌మని. ఆ మోత పట్టాల వెంట మంచులోకి జారిపోయి, ఎక్కడో కోహిర్ వైపు ఆరిపోయేది. తర్వాత కంకర మీద అడుగులు. రెండూ ఒక్కలాగ ఉండేవి కావు. కుడి అడుగు కంకరను నమిలేది. ఎడమ అడుగు దాన్ని తాకీ తాకగానే పైకి లేచేది. మళ్ళీ టంగ్. అప్పటికిగాని మనిషి బయటపడేవాడు కాదు. వెలిసిపోయిన ఖాకీ చొక్కా, భుజం మీద పొడుగు కర్ర సుత్తి, చంకలో చుట్టిన ఎర్రజెండా, ఎవరినీ పలకరించని మొహం.

రేవణసిద్ధప్ప రైల్వేలో కీమాన్. జహీరాబాద్ స్టేషన్ నుంచి తూర్పుగా ఆరు కిలోమీటర్ల లైను ఆయన బీటు. పట్టాను స్లీపరుకు బిగించి ఉంచే ఇనుప ముక్కల్ని చావీలంటారు. రైళ్ళు పోయేకొద్దీ అవి వదులవుతాయి. తెల్లవారుతూనే లైను వెంట నడిచి, వదులైన చావీనల్లా సుత్తితో దిగ్గొట్టడం ఆయన పని. ఎక్కడైనా పట్టా విరిగి కనిపిస్తే అక్కడ ఎర్రజెండా పాతి, బండి వచ్చే దిక్కుకు ఉరికి, పట్టా మీద మందుబిళ్ళలు పెట్టి రావాలి. చక్రం కింద అవి పేలితే డ్రైవరు బండి ఆపుతాడు. కాబట్టి కీమాన్‌కు కాళ్ళే ఉద్యోగం.

పంతొమ్మిదేళ్ళు స్లీపర్ల మీద నడిచీ నడిచీ, స్లీపరుకూ స్లీపరుకూ మధ్య ఎడమెంతో ఆయన అడుగు అంతే అయింది. బజారులో నడిచినా అదే అడుగు. పెళ్ళి ఊరేగింపులో నడిచినా అదే. లైను పనివాళ్ళ గ్యాంగ్‌లో పాతవాళ్ళందరూ అడుగులు లెక్కపెడతారు. పట్టా ఒకటికి పదహారు స్లీపర్లు, కిలోమీటరుకు పన్నెండు వందల ముప్పై. వెయ్యి కాగానే ఒక వేలు మడుస్తారు. ఎంత దూరం వచ్చావని అడిగితే రాళ్ళవైపు చూడరు, తమ చేతివైపు చూసుకుంటారు.

సిద్ధప్ప అంటే గ్యాంగ్‌లో ఎవరికీ గిట్టేది కాదు. ఆయనకూ ఎవరూ గిట్టేవారు కాదు. అందరికంటే ఎక్కువగా గిట్టనివాడు రామ్‌కిషన్. డెబ్భై ఆరులో ఒక ఎండాకాలం మధ్యాహ్నం రామ్‌కిషన్ కల్వర్టు నీడన నిద్రపోతుంటే సిద్ధప్ప చూసి, లేపకుండా నేరుగా పోయి మేస్త్రికి చెప్పాడు. పన్నెండు మంది ముందు రామ్‌కిషన్ తిట్లు తిన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే కుండలో నీళ్ళు తాగలేదు.

ఎనభై మూడులో దసరా పోయిన వారం, గ్యాంగంతా కలిసి పాత పట్టాను పక్కకు మోస్తున్నారు. ముందు ఒకడు కేక పెట్టాలి, మిగతావాళ్ళు బదులు పలకాలి, ఆ పలుకు మీదే అందరూ ఒక్కసారి ఎత్తాలి, ఒక్కసారి దించాలి. ఆ రోజు మనుషులు తక్కువై కీమాన్‌ను కూడా పిలిచారు. కేక పెట్టింది సిద్ధప్పే. అవతలి కొసన పట్టుకారు రామ్‌కిషన్ చేతిలో ఉంది. పట్టా జారి సిద్ధప్ప ఎడమ పాదం మీద పడింది.

"కావాల్నని ఇడిసిపెట్టిండు," అన్నాడు సిద్ధప్ప.

"కేక సగంల మింగిండు. ఎత్తాల్నో దించాల్నో నాకెట్ల ఎర్క?" అన్నాడు రామ్‌కిషన్.

రైల్వే దవాఖానకు పోతే కాగితం పుడుతుంది. కాగితం పుడితే ఉద్యోగం పోతుంది. సిద్ధప్ప బండి కట్టించుకుని రాయికోడ్ పోయాడు. అక్కడి నాటువైద్యుడు కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టు వేసి, వెదురుబద్దలతో కట్టాడు. నలభై రోజులు కదలొద్దన్నాడు. సిద్ధప్ప పన్నెండో రోజున సుత్తి భుజాన వేసుకున్నాడు. ఎముకలు వాటికి తోచినట్టు అతుక్కున్నాయి.

కొత్తగా వచ్చిన లైను ఇన్‌స్పెక్టర్ సర్కారు జిల్లాల మనిషి. డిసెంబరులో ఒక రోజు ప్లాట్‌ఫారం మీద నిలబడి సిద్ధప్ప నడక చూశాడు.

"ఏవయ్యా, పట్టా విరిగితే ఈ కాలితో ఏం పరిగెడతావ్?"

"ఉరుకుత సాబ్."

"ఎంత దూరం?"

"ఎంతంటే గంత."

స్టేషన్ బయట, ప్లాట్‌ఫారం మీదికి కనిపించే చాయ్ హోటల్ గోడకు ఒక పోస్టరు అంటించి ఉంది. జనవరి ఇరవై ఆరున ఊరి యువజన సంఘం పెడుతున్న పరుగు పందెం. ఇరవై ఒక్క కిలోమీటర్లు, హాఫ్ మారథాన్. జహీరాబాద్‌లో అటువంటి మాట ఎవరూ విని ఎరగరు. న్యాల్‌కల్ దారిలో పదిన్నర కిలోమీటర్లు పోయి, డ్రమ్ము చుట్టూ తిరిగి, మళ్ళీ ఊళ్ళోకి రావాలి. ఇన్‌స్పెక్టర్‌ను వేదిక మీదికి పిలిచారు కూడా.

"అయితే అది పరిగెత్తు," అన్నాడాయన, పోస్టరు చూపించి. "ఇరవై ఒకటీ పరిగెత్తాలి. నడవకూడదు. చేస్తే నీ జోలికి రాను. లేదా, మర్నాడే మెడికల్ పరీక్షకి మెమో ఇస్తా. బీటు రామ్‌కిషన్‌ది."

మాట ఎగతాళికే అన్నాడు. సిద్ధప్ప మాత్రం నేరుగా పోయి పేరు రాయించుకున్నాడు. పేరు రాసుకునే జగన్‌మోహన్ సంఘం సెక్రటరీ. నవ్వు ఆపుకోలేక, "తాతా, ఇది ఉరికే పందెం. జర తెలుసుకొని రాయించు," అన్నాడు. సిద్ధప్పకు అప్పుడు యాభై మూడేళ్ళు.

ఇంట్లో భార్య గిరిజమ్మ జొన్నరొట్టె కొడుతూ ఆపలేదు. "ఉరుకు. ఉన్న కాలు కూడ ఇరగ్గొట్టుకో. మంచంల పడితే మోస్తననుకుంటున్నవేమో, నేనైతే మొయ్య."

"నిన్నెవడు మొయ్యమన్నడు?"

"నా కర్మ మొయ్యమంటది."

పందెం రోజు మంచు ఇంకా నేల విడవలేదు. గీత దగ్గర ముప్పై ఒక్క మంది కుర్రాళ్ళు, బీదర్ నుంచి వచ్చిన ఇద్దరికి మాత్రమే అసలైన పరుగు బూట్లు. అందరి వెనక సిద్ధప్ప, ఖాకీ నిక్కరులో. ఎడమ కాన్వాస్ బూటు ముందుభాగం కోసేశాడు. అందులోంచి కట్టు గుడ్డతో సహా పాదం బయటికి చూస్తోంది. జనం కేకలు పెట్టారు. "అరే, ఇంజను వచ్చింది, పక్కకు జరుగున్రి!" ఈల వేసి జెండా ఊపారు. ముప్పై ఒక్క మందీ మంచులోకి పోయారు. సిద్ధప్ప స్లీపరు స్లీపరుగా పోయాడు.

ఆయన వెనకే ఒక సైకిల్ బయలుదేరింది. రామ్‌కిషన్. నడిస్తే చూడడానికి, పడితే చూడడానికి, చూసి సాబ్‌కు చెప్పడానికి. సెలవు పెట్టుకుని వచ్చాడు.

దారి దయగలది కాదు. తారు ఊడిన చోట ఎర్రమట్టి, మట్టిలో కత్తిరాళ్ళు. పట్టాల మధ్య తనకోసం పరిచినట్టుండే స్లీపర్లు ఇక్కడ లేవు. కాలికి ఎదురయ్యేదల్లా పరాయి నేల. చెరుకు బండ్లు పక్కకు తొలగలేదు. ఒక తండా దగ్గర కుక్కలు ఆయన్ని మాత్రమే ఎంచుకుని తరిమాయి. కంది చేలమీంచి వచ్చే గాలి మొహం మీద తడిగుడ్డతో కొట్టినట్టు కొట్టింది. నాలుగో వేలు మడిచేసరికి కట్టు తడిసింది. ఆరో వేలు మడిచేసరికి తడి ఎర్రబడింది.

"కూసో సిద్ధప్పా," అన్నాడు వెనక సైకిల్ మీంచి రామ్‌కిషన్. "ఆ రాయి మీద కూసో. నీడ కూడ ఉన్నది."

"నీడల పండేది నువ్వు."

ఎనిమిదేళ్ళలో ఇద్దరి మధ్య నడిచిన మొదటి మాటలవి. తర్వాత చాలాసేపు చైను కీచుమన్న చప్పుడు, ఊపిరి చప్పుడు.

తిరిగి వస్తున్న కుర్రాళ్ళు ఎదురుపడ్డారు. ఒకడు "సలాం తాతా" అన్నాడు. ఇంకొకడు దుమ్ములో ఉమ్మి పోయాడు. కొంత దూరం పోయాక డ్రమ్ము కనిపించింది. సున్నం పూసిన తారు డ్రమ్ము. పక్కన కాపలా ఉన్న మనిషి అప్పటికే చాప చుట్టేస్తున్నాడు. "జల్ది తిరుగు తాతా. నీ కోసమే ఆగిన."

సిద్ధప్ప డ్రమ్ము దగ్గర ఆగి చేతులు చూసుకున్నాడు. పది వేళ్ళూ మడిచి, మళ్ళీ ఒకటి మడిచాడు. పదకొండు వేలు. పదిన్నర కిలోమీటర్లకు పదమూడు వేలకు అటూ ఇటూగా రావాలి. డ్రమ్ము దగ్గరగా ఉంది. స్కూటరు మీద కొలిచిన జగన్‌మోహన్ ఎక్కడో పొరబడ్డాడు. పోయేటప్పుడు కిలోమీటరున్నర తక్కువ, వచ్చేటప్పుడు కిలోమీటరున్నర. ముప్పై ఒక్క మందీ మూడు తక్కువ ఉరుకుతున్నారు. ఆ సంగతి వాళ్ళకు తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు.

సైకిల్ వచ్చి పక్కన ఆగింది. రామ్‌కిషన్ కూడా తన చేతి వైపే చూసుకుంటున్నాడు. దారి పొడుగునా సిద్ధప్ప అడుగులు అతను కూడా లెక్కపెడుతూ వచ్చాడు. అతనూ గ్యాంగ్ మనిషే.

"రెండు వేలు తక్కువ," అన్నాడు రామ్‌కిషన్, మెల్లగా, తీపి తింటున్నట్టు. "నీకెర్కే, నాకెర్కే. తిరుగు సిద్ధప్పా. తిరిగి పో. సాబ్‌తోని నేను చెప్త, సిద్ధప్ప మూడు కిలోమీటర్లు తక్కువ ఉరికిండని. తిరుగు."

సిద్ధప్ప అతన్ని చూశాడు. పాదం చూసుకోలేదు. డ్రమ్ము దాటి న్యాల్‌కల్ వైపు ఉరికాడు.

"అరే తాతా, ఎటు పోతున్నవ్? అయిపోయింది!" అని కాపలా మనిషి వెనక నుంచి అరిచాడు. "పిచ్చి లేచిందా వీనికి?"

డ్రమ్ము అవతల దారి ఇంకా ఖాళీ. ఆ దారిన మనుషులు ఇద్దరే. ఒకడు ఉరుకుతున్నాడు, ఒకడు తొక్కుతున్నాడు. పద్దెనిమిది వందల నలభై ఐదో, నలభై ఆరో అడుగులు పడ్డాక, దారి పక్కన ఒక తుమ్మచెట్టు. సిద్ధప్ప దాన్ని చేత్తో చరిచి తిరిగాడు. రామ్‌కిషన్ సైకిల్ దిగి, మొదలు దగ్గర మడమతో మట్టిలో గీత గీశాడు. గెంతే పందెంలో కాలు గీత దాటితే పట్టుకోవడానికి గీసినట్టు గీశాడు. లెక్కలో ఇద్దరికీ తేడా రాలేదు.

తిరుగుదారి గురించి సిద్ధప్ప ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. రామ్‌కిషన్ చెప్పింది ఇంతే. "పదిహేడో వెయ్యి కాడ ఏడ్సిండు. ఉరుక్కుంటనే ఏడ్సిండు."

ఊళ్ళోకి వచ్చేసరికి ముగింపు గీత తాడు తీసేశారు. కప్పు బీదర్ కుర్రాడికి ఇచ్చేశారు. షామియానా విప్పుతున్నారు. ఇన్‌స్పెక్టర్ జీపులో ఒక కాలు పెట్టి ఉన్నాడు. సిద్ధప్ప గీత దాటి, దాటిన తర్వాత కూడా నాలుగడుగులు వేసి, సుత్తి లేని చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక నడుం మీద పెట్టుకున్నాడు.

"మూడు గంటలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గడియారం చూసి. "సగం నడిచే ఉంటావ్. రామ్‌కిషన్, నువ్వు చెప్పు. నడిచాడా?"

రామ్‌కిషన్ సైకిల్ స్టాండు వేశాడు. చాలాసేపు వేశాడు.

"నడవలే సాబ్."

"మరి ఇంత ఆలస్యమేం?"

"మిగతోళ్ళు తక్కువ ఉరికిన్రు. డ్రమ్ము కిలోమీటరున్నర ఇవతల పెట్టిన్రు. వీడు అవతల తుమ్మచెట్టు దాంక పోయి వచ్చిండు. ఇరవై ఒకటి ఉరికింది వీడొక్కడే."

జగన్‌మోహన్ మొహం నల్లబడింది. "ఏం మాట్లాడుతున్నవ్? స్కూటరు మీద నేనే కొలిచిన!"

"నీ స్కూటరును పోయి అడుగు."

"కుంటోడు ఓడిండని, పందెమే తప్పంటున్నరు!" అని ఎవరో అరిచారు. బీదర్ కుర్రాడు కప్పును గుండెకు హత్తుకున్నాడు. జనం ఇప్పుడు ఇద్దరి మీదా పడ్డారు. ఒకరు తోశారు. ఒకరు సిద్ధప్ప కోసిన బూటు మీద మన్ను తన్నారు. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి అందర్నీ ఆపి, రామ్‌కిషన్‌ను మాత్రమే చూస్తూ అడిగాడు.

"బీటు నీకొచ్చేది కదయ్యా. ఎందుకు చెబుతున్నావ్?"

"తక్కువ పడితే తక్కువ పడ్డదని చెప్పనీకి పొద్దుగాల నుంచి తొక్కిన సాబ్. తక్కువ పడలే. ఏం చెయ్యాలె?" అని, నేల మీద ఉమ్మి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ ఇద్దరు మనుషులను టేపుతో న్యాల్‌కల్ దారి మీదికి పంపాడు. డ్రమ్ము పెట్టిన చోటికి తొమ్మిది కిలోమీటర్లు. తుమ్మచెట్టు కింది గీతకు పదిన్నర, పది గజాలు ఎక్కువ. మెమో ఫైలులోనే ఉండిపోయింది. యువజన సంఘం మళ్ళీ ఎప్పుడూ ఆ పందెం పెట్టలేదు. సంఘం వాళ్ళెవరూ సిద్ధప్పకు ఆ తర్వాత దారి ఇవ్వలేదు.

సిద్ధప్ప ఇంకా అయిదేళ్ళు అదే లైను నడిచాడు. పాదం మాత్రం పందెం రోజే చచ్చింది. వేళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. రాత్రి గిరిజమ్మ వేన్నీళ్ళలో పెట్టి, తిడుతూ కాపడం పెట్టేది. ఎనభై తొమ్మిదిలో రిటైరైన రోజు బీటు రామ్‌కిషన్‌కే వచ్చింది. సుత్తిని చేతికివ్వడం ఆనవాయితీ. సిద్ధప్ప దాన్ని ప్లాట్‌ఫారం మీద పెట్టి, తిరిగి చూడకుండా నడిచాడు. రామ్‌కిషన్ ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు తీసుకున్నాడు.

ఈ సంగతి రామ్‌కిషన్ నోట విన్న నేను, ఆ మర్నాడు పొద్దున సిద్ధప్ప ఇంటికి పోయాను. గడప మీద కూర్చుని, కాలు ఎండకు చాపుకుని ఉన్నాడు. లైను మీద సుత్తి దెబ్బ వినిపిస్తే మొహం చిట్లించి, "చావీకి తగుల్తలే, పక్కకు కొడుతున్నడు," అన్నాడు. పరుగు సంగతి రాస్తానని చెప్పాను. వద్దనలేదు, కూర్చోమనలేదు. బయలుదేరేటప్పుడు అడిగాను, రామ్‌కిషన్ గురించి ఏం రాయమంటారని. పాదాన్ని ఎండలోకి ఇంకాస్త జరుపుకున్నాడు.

"నిజం చెప్పిండని రాయి. మంచోడని రాయకు."