పగిలిన బండ దగ్గరి తంగేడు

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస ముందు రోజు ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగితే, మెట్రో స్తంభాల కింద గోనెపట్టాల మీద తంగేడు పూల కట్టలు కనిపిస్తాయి. ఎప్పుడో కోసినవి కాబట్టి రేకులు అప్పటికే వాడి ఉంటాయి గాని, విరిచిన కొమ్మల పచ్చి పసరు వాసన మాత్రం దుమ్మునూ పొగనూ దాటుకుని వచ్చి ముక్కుకు తగులుతుంది. ఎక్కడివని అడిగితే అమ్మే ఆమె, "భువనగిరి అవతలకెల్లి తెచ్చినం బిడ్డా, గీ నారపల్లి దిక్కు ఇంకేడున్నయి, అన్ని ప్లాట్లే గద" అంటుంది. ఒక కట్ట కొంటాను. కొన్న ప్రతిసారీ, తంగేడును కొనుక్కోవడమేమిటని లోపల సిగ్గు లాంటిదేదో కదులుతుంది.

మా నాచారంలో తంగేడును ఎవరూ నాటలేదు, నీళ్లు పోయలేదు, అమ్మలేదు. మా వాడ వెనక, ఫ్యాక్టరీల గోడలు అయిపోయిన చోట ఒక గుట్ట ఉండేది. పెద్ద ఎత్తేమీ కాదు; గుండ్రటి బండలు, వాటి మధ్య ఎర్రటి మొరం, ఆ మొరంలో మా భుజాలదాకా వచ్చే తంగేడు పొదలు, అక్కడక్కడ సీతాఫలం చెట్లు. మేకలు కూడా ముట్టవు కాబట్టి తంగేడు తన ఇష్టం వచ్చినట్టు పెరిగేది. వానలు వెనకబట్టి ఎండ మెత్తబడే రోజుల్లో గుట్టంతా పచ్చటి పసుపు రంగుకు తిరిగేది. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడపిల్లలం తెల్లవారకముందే గంపలు పట్టుకుని, తంగేడు పుల్లతోనే పళ్లు తోముకుంటూ, మంచుకు తడిసిన పొదల్లో దూరేవాళ్లం. మోచేతులకు గీతలు, వేళ్లకు పసరు మరకలు, గౌను నిండా రాలిన పుప్పొడి. ఇంటికొస్తే వంటింట్లో వేయించిన నువ్వుల వాసన, అమ్మ చేతిలో బెల్లం కలిపిన మలీద ముద్ద.

అమ్మకు ఒకటే పట్టింపు. గుట్ట అవతల రెండుగా పగిలిన బండ పక్కనున్న పొద జోలికి పోవద్దనేది. "ఆడ పాముంటది" అనేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఆ ఏడు అన్ని పొదలకన్నా అదే విరగబూసింది. భయం భయంగానే పోయి, గంప నిండా తెంపుకొచ్చి, గొప్పగా చెప్పాను.

"పగిలిన బండ కాడ మస్తు పూసిందమ్మా! పాము లేదు, ఏం లేదు."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. గంప వైపు చూస్తూ గడప మీద కూలబడింది. కాసేపటికి లేచి, గంప చంకన పెట్టుకుని, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుని గుట్టకు తీసుకుపోయింది. ఆ పూలన్నీ పొద మొదట్లో పోసింది.

"గిది మీ తమ్ముని జాగ బిడ్డా. గీడనే పండవెట్టినం."

"నాకు తమ్ముడున్నడా?"

"ఉండె. పదకొండు దినాలుండె."

నాకు మూడేళ్లప్పటి సంగతట. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ వాడి మాట ఎత్తలేదు. దారపు మిల్లుకు పోయి వచ్చే నాయిన అయితే అసలే ఎత్తలేదు. మరుసటి ఏడు నుంచి తోటి పిల్లలు ఆ వైపు వస్తే, "పాముంది, పోవద్దు" అని నేనే అడ్డం నిలబడేదాన్ని.

నేను పదో తరగతిలో ఉండగా గుట్టను చదును చేయడానికి మిషన్లు వచ్చాయి. అమ్మ గడ్డపార పట్టుకుని పరుగెత్తింది, వెనకే నేను. "అన్నా, జర ఆగు. ఒక్క చెట్టు తీస్కపోత" అంది. ఎందుకని అడగకుండానే మిషను డ్రైవరు ఇంజను బంద్ చేసి, తానూ దిగి వచ్చి తవ్వాడు. వేరు బండ సందులోంచి ఎంత లోతుకు పోయిందో, తవ్వినకొద్దీ దొరకలేదు. చివరికి సగంలో తెగింది. ఇంటి వెనక నాటి, అమ్మ పొద్దున, సాయంత్రం నీళ్లు పోసింది. వారం తిరక్కుండానే ఆకులన్నీ రాలాయి.

"అది మొరంల బతికే చెట్టు. నీళ్లు వోస్తె బతుకుతదా?" అన్నాడు నాయిన, మొహం అటు తిప్పుకుని.

నెలరోజులు చూసి, ఒక పొద్దున అమ్మ ఆ ఎండిన కట్టెను పీకి, విరిచి, పొయ్యిలో పెట్టి నీళ్లు కాచింది. ఆ నీళ్లే తలమీద పోసుకుంది. అప్పుడూ ఏడవలేదు.

ఇప్పుడు అక్కడ ఫంక్షన్ హాలుంది. బండ లేదు, మొరం లేదు, సీతాఫలాలు లేవు. గేటు నుంచి మెట్లదాకా సిమెంటు గచ్చు. మొన్న చుట్టాల పెళ్లికి డెబ్బై దాటిన అమ్మను ఆటోలో తీసుకుపోయాను. గేటు దగ్గర దిగగానే చెప్పులు విడిచి చేత పట్టుకుంది. లోపల బ్యాండు మోగుతోంది. అమ్మ మెట్ల వైపు రాకుండా, ఆగి ఉన్న కార్ల మధ్య ఒక్కో అడుగే వేస్తూ అటు ఇటు తిరుగుతోంది.

"కాళ్లు కాలుతయమ్మా, చెప్పులేస్కో" అన్నాను.

"ఏ జాగనో తెలుస్తలేదు బిడ్డా" అంది. "అందుకే అంతట మెల్లగ నడుస్తున్న."