భుజం వెనక్కి తీసుకున్న జాకీ

ఇళ్లు మారేవాళ్ల సామాన్లు కిందికి దించి, లారీకెక్కించి, కొత్త ఇంట్లో మళ్లీ పేర్చిపెట్టడం అతని పని. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది కానీ, దానితో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. అందరికీ జాకీయే. బండి కింద జాకీ పెట్టినట్టు, ఎక్కడ బరువు ఒరిగినా దాని కింద అతని భుజం ఉంటుంది. ఎవరూ పిలవక్కర్లేదు. ఫ్రిజ్జు జారిందా, భుజం. బీరువా వంగిందా, భుజం. ఈ పనిలో ఎవరూ చెప్పకుండానే అందరూ పాటించే కట్టుబాటు ఒకటుంది. దగ్గరున్నవాడు భుజం పెట్టాలి. బరువు కింద పడిందంటే పరువు కింద పడ్డట్టే. మీసాలు రాకముందే బడి వదిలేసి ఈ పనిలోకి వచ్చిన జాకీకి కుడి భుజం మీద చర్మం కాయకాసి చెప్పు అడుగులా గట్టిపడింది.

అలాంటి మనిషి ఒకసారి భుజం వెనక్కి తీసుకున్నాడు. ఆ సంగతే ఇది.

కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో పాత ఇనప బీరువాలు దించే పని దొరికింది. నడవాలో ఒక అమ్మాయి బల్ల వేసుకుని కూర్చుంది. వచ్చేపోయేవాళ్లెవరూ ఆగట్లేదు. జాకీ ఆగాడు, అదీ బల్లని చూసి. ఒక కాలు పొట్టిదై అది టకటకా కొట్టుకుంటోంది. అట్టముక్క మడిచి దాని కింద దోపాడు.

"బల్లని నిలబెట్టావు, ఒక మనిషిని కూడా నిలబెడతావా అన్నా?" అంది ఆ అమ్మాయి.

"ఎంత బరువుంటాడమ్మా?" అన్నాడు జాకీ.

ఆ అమ్మాయి నవ్వి, దూదిపుల్ల ఒకటి అతని బుగ్గ లోపల తిప్పి తీసుకుంది. ఎముకల్లో ఉండే మూలుగలోనే రక్తం పుడుతుందని, అది పాడైపోయినవాళ్లకి ఇంకొకరి మూలుగ ఎక్కించాలని, అందరిదీ అందరికీ కుదరదని, కుదిరితే పిలుస్తామని చెప్పి అతని ఫోను నంబరు రాసుకుంది. జాకీ తలూపి బీరువా దగ్గరికి వెళ్లిపోయాడు. తర్వాత ఆ సంగతే మర్చిపోయాడు.

మొన్నామధ్య ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. కుదిరిందట. ఎక్కడో ఎవరో ఒక మనిషి. సొంత తోబుట్టువులవి కూడా సరిపోలేదట. ఆడో మగో, ఏ ఊరో చెప్పరట.

భార్య చేతిలో గిన్నె ఠంగుమని కింద పెట్టింది.

"ఏమయ్యా, మనకున్న ఆస్తల్లా నీ నడుమొక్కటే. అది కూడా ఎవరికో రాసిచ్చేస్తావా?"

"నడుం జోలికి పోరట. తుంటి ఎముకలోంచి సూదితో లాగుతారట. మత్తిచ్చే చేస్తారట. కొన్నాళ్లకి మళ్లీ ఊరుతుందట, బావిలో నీళ్లలాగా."

"అట, అట, అట! రేపు నువ్వు మంచాన పడితే చూసుకోవాల్సింది నేనయ్యా. ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం ఎందుకొచ్చిన గోల?"

"ఇన్నేళ్లూ మోసిన మంచాలూ బీరువాలూ మన చుట్టాలవేనా ఏంటే?"

ఆ మాటతో ఊరుకునే రకం కాదు ఆమె. అతని వెంట ఆసుపత్రికి వెళ్లి, డాక్టరమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, అడగాల్సినవీ అడగకూడనివీ అన్నీ అడిగింది. బయటికొచ్చాక చెప్పింది. "సరే, ఇవ్వు. నీకేమైనా అయిందో, నేనే చంపేస్తా."

పరీక్షలు పూర్తయ్యాక నర్సమ్మ జాకీని పక్కన కూర్చోబెట్టుకుంది.

"రేపటి నుంచి అక్కడ ఆ మనిషికి మందులు మొదలుపెడతారండీ. పాడైన మూలుగంతా చంపేస్తారు. మీది ఎక్కించేదాకా ఆ ఒంట్లో రక్తం పుట్టదు. ఈలోగా మీరు జ్వరం తెచ్చుకున్నా, ఎక్కడైనా పడి దెబ్బ తగిలించుకున్నా, ఇంకో మనిషిని వెతికే టైము లేదు. బరువులు ముట్టుకోకండి."

ఆ రోజు నుంచి జాకీ గాజుసామాను పెట్టెలాగా నడవడం మొదలుపెట్టాడు. మెట్లు దిగాలంటే కమ్మీ పట్టుకున్నాడు. వీధిలో ఎవరైనా తుమ్మితే అవతలి పక్కకి పోయాడు. తన ఒళ్లంటే తనకి భయం వేయడం అతనికి అదే మొదలు.

కానీ ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాలేదు. పైగా ముఠాలో మనుషులు తక్కువయ్యారు. "ఎత్తను, నోటితో దారి చెబుతానంతే" అని భార్యకి ఒట్టేసి, బామ్మర్దితో పాటు బయల్దేరాడు. బామ్మర్ది అంటే ఆమె సొంత తమ్ముడే, జాకీ దగ్గరే పని నేర్చినవాడు. వాడికి కండ ఎంతో నోరూ అంతే. మూలుగ సంగతి వాడికీ తెలుసు. అయితే రక్తం ఇచ్చినట్టే కదా, ఈ వారం కాకపోతే పై వారం ఇస్తాడని అనుకున్నాడు.

"రా బావా, పెళ్లికొడుకులా పక్కన నిలబడు. గాలి ఆడట్లేదంటే చెప్పు, విసురుతాం."

ఆ ఇంటి మెట్లు ఇరుకు. మలుపులో మరీ ఇరుకు. ఇంటావిడ పెద్ద వయసు మనిషి. తల్లి ఇచ్చిన కర్ర బీరువా ఒకటుంది, తలుపుకి నిలువుటద్దం. "దాని మీద గీత పడితే నా ఒంటి మీద పడ్డట్టే" అని ముందే చెప్పింది. కింది కొస బామ్మర్ది పట్టాడు, పై కొస ముఠాలో అందరూ పొడుగోడు అని పిలిచేవాడు పట్టాడు. జాకీ మలుపు దగ్గర పక్కింటివాళ్ల గుమ్మం ముందు నిలబడి, "కుడికి, ఇంకాస్త కుడికి, ఆ, దించు" అంటున్నాడు.

బీరువాకి చుట్టిన పట్టీ తెగింది. బీరువా ఒక్కసారిగా బామ్మర్ది మీదికి ఒరిగింది.

"బావా! భుజం!"

జాకీ ఒళ్లు అప్పటికే కదిలింది. కాలు ముందుకి పడింది, భుజం వంగింది. అలవాటు మనిషిని అడిగి రాదు కదా. సరిగ్గా అప్పుడే నర్సమ్మ మాట చెవిలో మోగింది. ఎక్కడో మంచం మీద, ఎముకలు ఖాళీ చేయించుకుని, ఇతన్నే నమ్ముకుని పడుకున్న మనిషి గుర్తొచ్చాడు. జాకీ ఆ భుజాన్ని వెనక్కి లాక్కున్నాడు. గుమ్మంలోకి జరిగి, గొంతు చించుకుని అరిచాడు.

"వదిలెయ్ రా! గోడకి దూకు!"

అప్పటిదాకా జాకీ నోట ఆ మాట ముఠాలో ఎవరూ వినలేదు. విన్న ఆశ్చర్యానికే బామ్మర్ది చేతులు వదిలేశాయి. గోడకి బల్లిలా అతుక్కున్నాడు. బీరువా వాడి పక్కనుంచి దడదడా జారిపోయి మలుపు గోడకి కొట్టుకుంది. అద్దం మెట్ల నిండా చిందింది.

బామ్మర్దికి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కానీ నోటికేమీ కాలేదు.

"నువ్వేం జాకీవి బావా! చెయ్యి చాస్తే అందే దూరంలో ఉండి గుమ్మంలో దాక్కుంటావా? ఆ భుజమేమన్నా అద్దెకిచ్చావా?"

"ఇచ్చాన్రా."

"నేను పోయుంటే?"

"అందుకే వదిలెయ్యమన్నాను. నువ్వు వదిలేస్తే నీకేం కాదు. నేను పడితే ఆ మనిషి బతకడు." వాడి మొహంలో ఇంకా అర్థమైన జాడ కనపడకపోయేసరికి, వాడికి తెలిసిన దారిలో చెప్పాడు. "పాత ఇల్లు కూల్చేశారు రా. సామానంతా వీధిలో ఉంది. కొత్త ఇంటి తాళంచెవి నా ఒక్కడి జేబులోనే ఉంది. దాన్ని ఇక్కడ మెట్ల మీద పారేసుకుని వెళ్లి, ఏమని చెప్పను?"

బామ్మర్ది మోచెయ్యి చొక్కాకి తుడుచుకుని, తెగిన పట్టీ తీయడానికి వంగాడు.

ఇంటావిడ పై మెట్టు మీద నిలబడి అంతా వింది. పైటచెంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. జాకీ ఆమె వైపు చూడలేక, వంగి అద్దం పెంకులు ఏరబోయాడు.

"ముట్టుకోకు!" అని కేకేసింది ఆవిడ. "చెయ్యి కోసుకుంటావేంటి? అది నీ చెయ్యి అనుకుంటున్నావా ఇప్పుడు? ఒరే నోరున్నవాడా, నిన్నే. చీపురు వంటింట్లో ఉంది, పట్రా."

అద్దం పోయిన బాధ ఆవిడకి పోలేదు. ముఠాలో మిగతావాళ్లు రెండు మూడు రోజులు "జాకీ జారిపోయాడు" అని వెనక నవ్వుకున్నారు. ఎన్నేళ్ల బట్టో జాకీ సంపాదించుకున్న మంచి పేరు అది. ఎవరో తెలియని మనిషి కోసం దాన్ని కింద పెట్టి, ఒంటి మీద గీత లేకుండా ఆసుపత్రికి చేరుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఎన్ని బీరువాలు మోసినవాడికైనా అది చిన్న పని కాదు.

బోర్లా పడుకోబెట్టి మత్తిచ్చారు. మెలకువ వచ్చేసరికి తుంటి మీద గాడిద తన్నినట్టుంది.

"సరిపోయిందా అమ్మా?" అన్నాడు ముందుగా.

"నిండుగా వచ్చిందండీ. ఇప్పుడే తీసుకెళుతున్నారు" అంది నర్సమ్మ.

ఇంతలో నడవాలోంచి కేక. "జరగండి, జరగండి! బరువొస్తోంది, పక్కకి జరగండయ్యా!"

"ఎవరే అది?"

భార్య తలుపులోంచి తొంగి చూసింది. "ఎవరేంటి, మా తమ్ముడే. లిఫ్టులో వాళ్లందర్నీ బయటికి లాగేస్తున్నాడు. చూడబోతే నీ మూలుగ పెట్టింది ఇంతే పెట్టె."

"మోసేవాడు ఎలా పట్టుకున్నాడు? ఊపుతున్నాడా?"

"రెండు చేతులతో గుండెకి ఆనించుకున్నాడు. నువ్వు పడుకోవయ్యా బాబూ."

నొప్పి తగ్గాక జాకీ మళ్లీ పనిలోకి దిగాడు. ఒక రోజు మెట్ల మధ్యలో, భుజం మీద ఫ్రిజ్జుండగా జేబులో ఫోను మోగింది. పొడుగోడు తీసి చెవి దగ్గర పెట్టాడు. అవతల నర్సమ్మ. జాకీ విన్నాడు. "ఆ అమ్మా, ఆ" అన్నాడు. కాలు ముందుకి పడలేదు.

"ఏంటి బావా, ఆగిపోయావ్?" అన్నాడు కింది నుంచి బామ్మర్ది. "చేతులు లాగేస్తున్నాయిక్కడ."

"పట్టుకుందట్రా. ఆ మనిషి ఒంట్లో రక్తం పుడుతోందట."

కింది నుంచి ఫ్రిజ్జు అడుగు కొంచెం పైకి లేచింది. జాకీ భుజం తేలికైంది.

"నేను పట్టుకున్నాలే బావా. నువ్వు తీరిగ్గా మాట్లాడుకో."