కాకి రాని అడవి

చిన్నప్పుడు మా అమ్మ పొగాకు పనికి పోతే తమ్ముళ్ళను ఎత్తుకు తిరగడం నా వంతు. బడి గుమ్మం ఎక్కలేదు. పెళ్ళయ్యాక ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు. కెనడాలో, బర్నబీలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చాక, మనవరాలిని ఆదివారం తెలుగు క్లాసుకు తీసుకెళ్ళి, దాని పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దాను. నా చేతికి ఒత్తులు లొంగేసరికి అల్లుడు పోయి రెండేళ్ళు దాటింది. అందుకే ఈ సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

అల్లుడు ఆఫీసులోనే గుండె ఆగి పోయాడు. పెద్దకర్మ నాడు కాకికి ముద్ద పెట్టాలి. రోజూ సాయంత్రం మా అపార్ట్‌మెంట్ మీదుగా కాకులు గుంపులు గుంపులుగా పోతుంటాయి. అవన్నీ ఊరి చివరి అడవి పార్కులోనే ఉంటాయనుకుని, "అక్కడికే పోదాం" అన్నాను. అమ్మాయి కారు తీసింది.

తెల్లవారి చాలాసేపయినా ఆ అడవిలో చీకటే. చెట్ల చివరలు కనపడవు. మానులకు నాచు తడి గోనెపట్టాల్లా వేలాడుతోంది. వాన లేదు గాని ఆకుల నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పడిపోయిన మాను మీద వెండిరంగు రేకు పరిచి, అన్నం, గారెలు, అతనికిష్టమైన గోంగూర పెట్టి దూరంగా నిలబడ్డాం. ఒక్క పిట్ట కూయలేదు.

"అమ్మమ్మా, ఫీడ్ చేయొద్దని బోర్డ్ ఉంది. బేర్స్ వస్తాయట," అంది మనవరాలు.

"కాకికేలే తల్లీ."

"మరి వేర్ ఈజ్ ద కాకి?"

గుంటూరులో వియ్యపురాలు నిద్ర మానుకుని వీడియో కాల్‌లో చూస్తోంది. కాకి ముద్ద ముట్టకపోతే పోయినవాళ్ళకు తీరని కోరిక ఉందని మా నమ్మకం. అప్పుడు అయినవాళ్ళెవరైనా అది తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి.

"వాడి బెంగంతా కూతురి మీదే అమ్మాయ్. పాపను మా దగ్గరికి పంపించేస్తానని ఒక్క మాట చెప్పు, కాకి రాకపోతే నన్నడుగు," అందావిడ.

అమ్మాయి నేల చూసింది. అతను పోయినప్పటి నుంచి దానికి సరైన తిండి లేదు, నిద్ర లేదు.

"మొగుణ్ణి ఎలాగూ నిలుపుకోలేకపోయావు. వాడి కోరికైనా తీర్చు."

"సరే అత్తయ్యా... పాపని..."

ఫోను లాక్కున్నాను. "వదినగారూ, ఇక్కడ కాకులే లేవు. లేని కాకికి మాటేం ఇస్తాం?"

"మీకేం, పిల్ల మీ కళ్ళముందుంది. నాకేం మిగిలింది?" అని ఆవిడ ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు. ఫోను పెట్టేసి, అన్నం తిరిగి డబ్బాలోకి ఎత్తాను.

పార్కు దాటగానే, ఒక హోటలు వెనక చెత్తడబ్బా మీద కాకులు కనిపించాయి. నేను చూశాను, అమ్మాయీ చూసింది. ఆగితే మళ్ళీ గుంటూరుకు ఫోను చేయాలి. నేను ఆపమనలేదు, అది ఆపలేదు.

మర్నాడు వాళ్ళు లేవకముందే అన్నం వండి బాల్కనీ గోడ మీద ముద్ద పెట్టాను. "పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది నాయనా. తింటే తిను, లేకపోతే లేదు," అన్నాను పైకి చూసి. కాకి వాలిందో లేదో చూడలేదు. తలుపు వేసి, మనవరాలికి జడలు వేయడానికి దువ్వెన తీసుకున్నాను.